ఆర్సీలో నా పేరు లేని కారు

జూబ్లీహిల్స్ పెద్దమ్మ గుడి ముందు వాహన పూజకు వరసలో ఉన్నాం. దసరాకు ముందు ఆదివారం. మా ముందు రెండు ఎస్‌యూవీలు, ఒక బుల్లెట్, బంతిపూల దండలు కట్టిన ట్రాలీ ఆటో. మా వంతు వచ్చింది. పంతులుగారు బానెట్ మీద కుంకుమతో స్వస్తిక్ వేసి, నా వైపు తిరిగి గడగడా అడిగేశారు. "బండి ఎవరి పేరు మీద? గోత్రం చెప్పండి."

అమ్మ టక్కున నా పేరు చెప్పేసింది. నేను నోరు మెదపలేదు. ఎందుకంటే బండి నా పేరు మీద లేదు. ఒక లీజింగ్ కంపెనీ పేరు మీద ఉంది. ప్రైవేట్ లిమిటెడ్‌కి గోత్రం ఏం చెబుతాం?

టైర్ల కింద నిమ్మకాయలు నలిగాయి, కొబ్బరికాయ పగిలింది, అందరం ఇంటికొచ్చాం. అమ్మ స్వీట్లు పంచుతోంది. నాయిన మాత్రం సోఫాలో కూర్చుని కళ్లజోడు పెట్టుకుని టెంపరరీ రిజిస్ట్రేషన్ కాగితం చదువుతున్నాడు. ఆయన ఆర్టీసీలో 31 ఏళ్లు డ్రైవర్. బండి కాగితాలు పైనుంచి కింది దాకా చదవందే కదలడు.

"ఏందిరా ఇది? ఓనర్ అన్నకాడ నీ పేరు లేదు?"

"కంపెనీ లీజు నాయినా. నాలుగేళ్లు. తర్వాత కావాలంటే నా పేరు మీదికి మార్చుకోవచ్చు."

"అంటే కిరాయి బండి."

"కిరాయి కాదు, లీజు."

పక్కనే ఉన్న బాబాయ్ లడ్డూ నములుతూ, "సొమ్మొకడిది సోకొకడిది అన్నట్టు!" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ మాట ఎంత ఖరీదైనదో తెలిసింది మాత్రం జనవరిలో.

వేడి కాదు, గోరువెచ్చన

ముందే ఒకటి ఒప్పేసుకుంటా, లేకపోతే కార్ల పిచ్చోళ్లు ఊరుకోరు. నాది హ్యుందాయ్ ఐ20 ఎన్ లైన్. ఆరు గేర్ల మాన్యువల్. నేను దీన్ని 'హాట్ హ్యాచ్' అంటాను. తెలిసినవాళ్లు 'వార్మ్ హ్యాచ్' అంటారు. వాళ్లదే కరెక్ట్.

హాట్ హ్యాచ్ అంటే పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. కూరగాయలు తెచ్చుకునే మామూలు చిన్న కారు. అదే బాడీలో బలమైన ఇంజిన్ పెట్టి, సస్పెన్షన్ గట్టిపరిస్తే అదే హాట్ హ్యాచ్. 1976లో అమ్మకానికొచ్చిన ఫోక్స్‌వాగన్ గోల్ఫ్ జీటీఐతో ఈ ఐడియా ప్రపంచానికి బాగా ఎక్కింది. 810 కిలోల బరువు, 110 హార్స్‌పవర్. 5,000 కార్లు అమ్ముడైతే చాలనుకున్నారట. ఆ మొదటి తరం ఒక్కటే నాలుగున్నర లక్షలు దాటింది. వారమంతా ఆఫీసుకు, ఆదివారం కొండదారికి ఒకటే కారు. రెండో కారు కొనే స్తోమత లేనివాడి స్పోర్ట్స్ కారు అది.

మన దగ్గరికి వచ్చేసరికి కథ మారింది. అదే గోల్ఫ్ జీటీఐ 2025లో ఇండియాకు వచ్చింది. మొదటి విడతలో 150 కార్లే, ధర దాదాపు 53 లక్షలు. సామాన్యుడి స్పోర్ట్స్ కారు మన ఎయిర్‌పోర్టులో దిగేసరికి కోటీశ్వరుడి బొమ్మ అయిపోయింది. అంతకుముందు పోలో జీటీఐ 2016లో వచ్చింది, 26 లక్షల దగ్గర పలికింది, ఎవరి ఇంట్లోనూ కనపడకుండానే పోయింది. యూరప్‌లో అమ్మిన అసలు ఐ20 ఎన్‌కి 1.6 లీటర్ టర్బో ఇంజిన్, 204 హార్స్‌పవర్. మనకు దక్కింది ఎన్ 'లైన్'. ఒక లీటరు, మూడు సిలిండర్లు, టర్బో, 120 హార్స్‌పవర్. ఎన్ అంటే కొరియాలోని నమ్యాంగ్, జర్మనీలోని నూర్‌బర్గ్‌రింగ్. లైన్ అంటే... మన వరకు వచ్చేసరికి మిగిలింది అని నేను అనుకుంటున్నా.

ఇంత తెలిసీ ఎందుకు తీసుకున్నట్టు? టెస్ట్ డ్రైవ్‌లో సెకండ్ గేర్. అంతే కారణం. ఈ ఇంజిన్ టార్క్ 172 ఎన్ఎం, 1500 ఆర్‌పీఎం దగ్గరే పూర్తిగా అందుతుంది. అంటే సిగ్నల్ దాటి 30లో వెళ్తూ యాక్సిలరేటర్ మీద పాదం కొంచెం ఒత్తితే, వెనకనుంచి ఎవరో అరచేత్తో నెట్టినట్టు ఉంటుంది. ఎగ్జాస్ట్ చిన్నగా గొంతు సవరించుకుంటుంది. స్టీరింగ్ మామూలు ఐ20 కంటే బరువు. నాలుగు చక్రాలకూ డిస్క్ బ్రేకులు. సున్నా నుంచి వందకు పది సెకన్ల అటూఇటూ. కాగితం మీద చూస్తే ఇదేం గొప్ప కాదు. ఏ ఎలక్ట్రిక్ ఎస్‌యూవీ అయినా సిగ్నల్ దగ్గర దీన్ని వెనకేసి పోతుంది, పోయింది కూడా. కానీ ఆ ఎస్‌యూవీలో కూర్చున్నవాడు నవ్వుతూ కనపడలేదు.

లెక్క ఇలా కుదిరింది

కాలేజీలో నా రూమ్మేట్ ఫోక్స్‌వాగన్ పోలో జీటీ పోస్టర్ గోడకు అంటించుకునేవాడు. మేమిద్దరం ఉద్యోగాల్లో చేరి డబ్బులు దాచుకునేలోపు, 2022లో పోలోనే ఇండియాలో ఆపేశారు. 'ఇంకొంచెం ఆగి కొందాం' అనుకుంటే పెట్రోల్ చిన్న కార్లకు ఏమవుతుందో నాకు అప్పుడే అర్థమైంది. అందుకే ఈసారి ఆగలేదు.

ఆఫీసులో లీజు పాలసీ ఉంది. చాలామంది హెచ్‌ఆర్ పోర్టల్‌లో ఆ ట్యాబ్ ఓపెన్ కూడా చేసి ఉండరు. పనిచేసే తీరు సింపుల్. కారు మనం ఎంచుకుంటాం. లీజింగ్ కంపెనీ కొంటుంది. మన కంపెనీ వాళ్ల దగ్గర అద్దెకు తీసుకుంటుంది. ఆ అద్దె మన సీటీసీ నుంచి, ట్యాక్స్ లెక్కించక ముందే పోతుంది. నాకు ఇన్సూరెన్స్, సర్వీస్ కలిపి నెలకు 31,500. డౌన్ పేమెంట్ సున్నా.

దీంట్లో తీపి ఎక్కడుందంటే, కంపెనీ కారును ఆఫీసుకూ ఇంటికీ రెండింటికీ వాడుకుంటున్నప్పుడు, 2025-26లో ఉన్న నిబంధన ప్రకారం 1.6 లీటర్ లోపు ఇంజిన్‌కు నెలకు 1,800 రూపాయలే నా ఆదాయంగా కలుపుతారు. డ్రైవర్‌ని కూడా ఇస్తే ఇంకో 900. అంటే 31,500లో 1,800 తీసేస్తే 29,700 మీద నాకు ట్యాక్స్ పడదు. నాది 20 శాతం స్లాబు, సెస్‌తో కలిపి 20.8. నెలకు దాదాపు 6,200 మిగులు. కొత్త ట్యాక్స్ రెజీమ్‌లోనూ ఇది చెల్లుతుంది. పైగా 2025 సెప్టెంబర్ 22 నుంచి చిన్న పెట్రోల్ కార్ల మీద జీఎస్టీ 18 శాతానికి దిగింది. లీజు అద్దె మీద కూడా కారుకు పడే రేటే పడుతుంది కాబట్టి, నాకు రెండువైపులా కలిసొచ్చింది. అందుకే డెలివరీ ఆ వారంలో పెట్టించుకున్నా.

ఎక్సెల్ షీట్‌లో అంతా పచ్చగా కనపడింది. నేను ఇంజనీర్‌ని కదా, ఎడ్జ్ కేస్ ఒక్కటే వదిలేశా. అగ్రిమెంట్‌లో 11వ పేజీ. ఉద్యోగం మానేసినా, మాన్పించినా ఏం జరుగుతుందో రాసి ఉన్న పేజీ. డిజిటల్ సంతకం పెట్టేటప్పుడు స్క్రోల్ చేసి కిందికి వెళ్లిపోయాను. మీరు కూడా అంతే చేస్తారు, నాకు తెలుసు.

మియాపూర్ టు గచ్చిబౌలి, సెకండ్ గేర్

అసలు ఈ కారుతో రోజూ బతకడం ఎలా ఉంది? పొద్దున 9 గంటలకు మియాపూర్ నుంచి గచ్చిబౌలికి, పన్నెండు కిలోమీటర్లు, యాభై నిమిషాలు. కొత్తగూడ జంక్షన్ దగ్గర ఎడమకాలు క్లచ్ మీద పెట్టి స్టాండప్ మీటింగ్ మొత్తం వినేశాను. 120 హార్సుల్లో 110 నిద్రపోతుంటాయి. నా పక్కనే స్కూటీ మీద డెలివరీ అబ్బాయి నన్ను రోజూ దాటి వెళ్తాడు.

గట్టి సస్పెన్షన్ కొండదారికి బాగుంటుంది. కొండాపూర్ సందుల్లో స్పీడ్ బ్రేకర్‌కు బాగోదు. కాలనీ అసోసియేషన్లు వేయించిన ఆ నల్ల రబ్బరు దిమ్మెలు ఒక్కొక్కటీ వెన్నుపూసకు వినపడుతుంది. వానాకాలం చివర్లో ఒక రాత్రి నీళ్లు నిండిన గుంతలో ముందు టైరు పడింది. పొద్దున చూస్తే టైరు పక్కన చిన్న బుగ్గ. టైరు లీజులో కవర్ కాదు. తొమ్మిది వేలు నా జేబులోంచే. మైలేజీ సిటీలో పదీ పదకొండు. ఇప్పుడు బంకుల్లో దొరికేది ఎలాగూ 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలే. నేను కారు తీసుకున్నప్పుడు హైదరాబాద్‌లో లీటరు 107 రూపాయలు దాటి ఉంది. నెలకు పదివేలకు పైనే పెట్రోల్‌కు పోతోంది. షోరూమ్‌లో చెప్పిన అంకె, కారులో కనపడే అంకె, నిజమైన అంకె, ఈ మూడూ ఎప్పుడూ కలవవు. మూడో అంకె గురించి తర్వాత చెబుతా.

మరి సుఖం ఎక్కడ? ఆదివారం పొద్దున ఐదున్నరకు. గచ్చిబౌలిలో ఓఆర్‌ఆర్ ఎక్కి శంషాబాద్ దాకా వెళ్లి, చాయ్ తాగి వెనక్కి రావడం. 158 కిలోమీటర్ల రింగు రోడ్డులో కుడివైపు లేన్లలో 120 దాకా అనుమతి ఉంది. నిజం చెప్పాలంటే 120లో ఈ కారు బోర్. ఏ సెడాన్ అయినా అంతే నెమ్మదిగా, అంతే నిబ్బరంగా పోతుంది. ఈ కారు మజా ర్యాంపుల మీద ఉంది. ఓఆర్‌ఆర్ దిగేటప్పుడు వచ్చే ఆ గుండ్రటి మలుపులో, బోర్డు మీద రాసిన 40లోనే, థర్డ్ నుంచి సెకండ్‌కు దించి, స్టీరింగ్ ఒకసారి తిప్పి అలాగే పట్టుకుంటే, కారు బొంగరంలా ఒక్క గీత మీద తిరుగుతుంది. వేగంగా వెళ్లకుండానే వేగంగా వెళ్తున్నట్టు అనిపించడం. మన రోడ్లకు కావాల్సిందే అది. 200 హార్స్‌పవర్ ఇక్కడ ఏం చేసుకుంటాం?

నా ఫ్రెండ్స్ బ్యాచ్‌లో ఇద్దరు ఇంజిన్ రీమ్యాప్ చేయించారు. ల్యాప్‌టాప్ పెట్టి ఇంజిన్ సాఫ్ట్‌వేర్ మార్చి 20, 30 హార్సులు పెంచేస్తారు. నన్నూ రమ్మన్నారు. సాఫ్ట్‌వేర్ మార్చడం నా వృత్తి, కానీ నా కారు సాఫ్ట్‌వేర్ ముట్టుకునే హక్కు నాకు లేదు. ఎగ్జాస్ట్ మార్చకూడదు, ఫిల్మ్ అంటించకూడదు, స్టిక్కర్‌కు కూడా పర్మిషన్ అడగాలి. అద్దె ఇంట్లో గోడకు మేకు కొట్టాలంటే ఓనర్ ఆంటీని అడిగినట్టే. మొదట చిరాకేసేది. ఇప్పుడు అదే కాపాడిందనుకుంటున్నా. నేను పెట్టే ఖర్చుకు ఒక గోడ ఉంది.

ఇంకో సంగతి. చలాన్ నా ఫోన్‌కు రాదు. ఒకరోజు 60 బోర్డు ఉన్న రోడ్డు మీద 84లో వెళ్లానట. 1,035 రూపాయలు. అది ఆర్సీ ఓనర్ దగ్గరికి వెళ్లింది. వాళ్లు మా ఆఫీస్ అడ్మిన్‌కు పంపారు. అడ్మిన్ వాళ్లు నాకు మెయిల్ పెట్టి, హెచ్‌ఆర్‌కు, మా మేనేజర్‌కు సీసీ కొట్టారు. ఫొటోతో సహా. మరుసటి రోజు కాల్‌లో మేనేజర్ మొదటి ప్రశ్న, "ఏం బాబూ, డెలివరీలు మాత్రం ఇంత స్పీడ్‌గా రావేం?" ఆ తర్వాత నేను ఎక్కడా లిమిట్ దాటలేదు. పోలీసులు చేయలేని పని సీసీ చేసింది.

జనవరి, బేస్‌మెంట్ టూ

సంక్రాంతికి ఊరెళ్లి వచ్చిన వారం. మంగళవారం పొద్దున పదకొండుకు క్యాలెండర్‌లో అందరికీ ఒక మీటింగ్ వచ్చింది, సబ్జెక్ట్ లేకుండా. ఈ రంగంలో ఉన్నవాళ్లకు మిగతాది చెప్పక్కర్లేదు. మా టీమ్‌లో 14 మందిమి. సాయంత్రానికి తొమ్మిది మందిమి.

నేను ఆ తొమ్మిదిలో ఉన్నాను. కానీ ఆ విషయం మధ్యాహ్నం మూడింటికి గానీ తెలియలేదు. ఆ నాలుగు గంటల్లో నేను చేసిన మొదటి పని ఏంటో తెలుసా? రెజ్యూమే ఓపెన్ చేయలేదు. ఇంటికి ఫోన్ చేయలేదు. 11వ పేజీ చదివాను.

ఉద్యోగం పోతే మూడు దారులు. ఒకటి, మిగిలిన మొత్తం ఒకేసారి కట్టేసి కారును నా పేరు మీదికి మార్చుకోవడం. దీన్ని ఫోర్‌క్లోజర్ అంటారు. నాలుగో నెలలో నా లెక్క 11 లక్షల దగ్గర తేలింది. రెండు, కారు వాపస్ ఇచ్చేసి, మధ్యలో ఆపినందుకు పెనాల్టీ కట్టడం. మూడు, కొత్తగా చేరబోయే కంపెనీకి అదే లీజింగ్ సంస్థతో ఒప్పందం ఉంటే లీజును అక్కడికి మార్చుకోవడం. మూడోది వినడానికి బాగుంటుంది, కానీ దానికి ముందు కొత్త కంపెనీ దొరకాలి కదా.

నా సేవింగ్స్ అకౌంట్‌లో మూడు లక్షల నలభై వేలు ఉన్నాయి. లోన్ మీద కొని ఉంటే? ఈఎంఐ భారమే, ఉద్యోగం పోతే ఇంకా భారం. కానీ ఆరు నెలలు తమ్ముడి దగ్గర అప్పు చేసైనా లాక్కురావచ్చు, లేదంటే కారు అమ్మి లోన్ తీర్చవచ్చు. అమ్మేది, ఉంచుకునేది నా ఇష్టం. లీజులో ఆ టైమ్ నాది కాదు. లాస్ట్ వర్కింగ్ డే రోజున ల్యాప్‌టాప్, యాక్సెస్ కార్డు, కారు, మూడూ ఒకే టేబుల్ మీద పెట్టాలి.

నాకు తప్పింది. మా పక్క సీటు అన్నకు తప్పలేదు. ఆయనకు 38 ఏళ్లు, నాకు లీజు గురించి మొదట చెప్పింది ఆయనే. ఒక కాంపాక్ట్ ఎస్‌యూవీ తీసుకుని ఏడాదిన్నర అయింది. శుక్రవారం సాయంత్రం బేస్‌మెంట్ టూలో నా కారు దగ్గరికి వెళ్తుంటే, నాలుగు స్లాట్ల అవతల ఆయన వెనక డోర్ తీసుకుని వంగి ఉన్నారు. పాప కూర్చునే చైల్డ్ సీటు ఊడదీస్తున్నారు. ఒక క్లిప్ రావడం లేదు. నేను అటువైపు డోర్ తీసి పట్టుకున్నా. సీటు కింద బిస్కెట్ ముక్కలు, ఒక చిన్న సాక్సు, క్రేయాన్లు. ఆయన ఒక్కొక్కటీ ఏరి క్యారీ బ్యాగ్‌లో వేసుకున్నారు. అద్దానికి వేలాడుతున్న చిన్న వెంకన్న బొమ్మ కూడా తీశారు.

"సోమవారం స్కూల్‌కు క్యాబ్ బుక్ చేయాలి," అన్నారు. ఇంకేం మాట్లాడలేదు. పెనాల్టీని ఫుల్ అండ్ ఫైనల్ సెటిల్‌మెంట్‌లో కోసుకున్నారని తర్వాత తెలిసింది. ఆ రోజు ఆయన్ను ఇంటి దగ్గర దింపింది నేనే. చైల్డ్ సీటు నా కారు వెనక సీట్లో. ఆయన దారంతా కిటికీలోంచి చూస్తూ, మియాపూర్ వచ్చాక, "నీ కారు సౌండ్ బాగుందిరా," అన్నారు. ఎర్ర దారాలు కుట్టిన నా స్పోర్ట్స్ సీట్ల మీద నాకే సిగ్గేసింది.

మార్చిలో ఆయనకు వేరే చోట ఉద్యోగం వచ్చింది. ఈసారి సెకండ్ హ్యాండ్ కారు కొన్నారు, డబ్బులు కట్టేసి.

నేనేం చేశానంటే, నెలకు పదిహేను వేలతో ఒక రికరింగ్ డిపాజిట్ మొదలుపెట్టా. దాని పేరు '11వ పేజీ'. ప్రతి నెలా ఫోర్‌క్లోజర్ మొత్తం దిగుతుంది, నా డిపాజిట్ ఎక్కుతుంది. ఆ రెండు గీతలు ఎక్కడ కలుస్తాయో ఎక్సెల్‌లో గీసి చూసుకున్నా. ఇరవై ఏడో నెలలో. అప్పటిదాకా కారు నాదీ, కంపెనీదీ, లేఆఫ్ లిస్టు రాసేవాడిదీ. మీలో ఎవరైనా లీజు తీసుకుంటుంటే, సంతకానికి ముందు ఏ నెలలో మానేస్తే ఎంత కట్టాలో ఆ పట్టిక మొత్తం మెయిల్‌లో అడగండి. ఇస్తారు. ఎవరూ అడగరు కాబట్టి ముందుగా చూపించరు, అంతే.

మన్ననూరు గేటు, ఉదయం ఆరు

శివరాత్రి రద్దీ తగ్గాక నాయిన శ్రీశైలం పోదామన్నాడు. మాది అచ్చంపేట. ఆయన అదే డిపోలో పనిచేసి, హైదరాబాద్-శ్రీశైలం సర్వీసు ఏళ్ల తరబడి తోలాడు. ఆ దారిలో ఆయనకు తెలియని మలుపు లేదు.

మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర నల్లమల అడవి మొదలవుతుంది. అది అమ్రాబాద్ పులుల అభయారణ్యం. రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా గేటు మూసేస్తారు. ఆరింటికి తెరిచేసరికి మేం అక్కడున్నాం. అడవిలో స్పీడ్ లిమిట్ తక్కువ. హారన్ కొట్టొద్దు, ఆగొద్దు, కోతులకు ఏమీ వేయొద్దు అని బోర్డులు. 40లో, థర్డ్ గేర్‌లో వెళ్తున్నా. నెమ్మదిగా వెళ్లాల్సిన రోడ్డు మీద ఈ కారు ఇంత బాగుంటుందని అనుకోలేదు. ప్రతి మలుపూ చేతికి తెలుస్తోంది.

నాయిన కళ్లు మాత్రం రోడ్డు మీద లేవు, మీటర్ మీద ఉన్నాయి. "కేఎంపీఎల్ ఎంతొస్తుంది?" ఆర్టీసీ డ్రైవర్లకు ఇది ప్రాణం. లీటరుకు ఎన్ని కిలోమీటర్లు అనేదాన్ని బట్టి డిపోలో మర్యాద. బాగా తెచ్చినవాళ్లకు మెచ్చుకోలు, తేనివాళ్లకు ట్రైనింగ్.

"పద్నాలుగు చూపిస్తోంది."

"ఇంత చిన్న బండికి పద్నాలుగా? ఊకూకె గేరెందుకు మారుస్తున్నవ్?"

"మజా కోసం నాయినా."

ఆయన అదోలా చూశాడు. దోమలపెంట దాటాక ఘాట్ మొదలవుతుంది. అక్కడ్నుంచి కృష్ణ మీది వంతెన దాకా దిగడమే. కొంచెం ముందే పక్కకు ఆపి తాళం ఆయనకిచ్చా. లీజు పాలసీలో తల్లిదండ్రులు నడపొచ్చని ఉంది, ఈసారి చదివే వచ్చా. ఆయన సీటు ముందుకు జరుపుకుని, మూడు అద్దాలూ సరిచేసుకుని, ఒకసారి స్టీరింగ్‌కు దండం పెట్టి, సెకండ్ గేర్ వేశాడు.

తర్వాత ఇరవై నిమిషాలు నేను చూసింది ఏ యూట్యూబ్ రివ్యూలోనూ లేదు. ఆయన బ్రేకు తొక్కిన సార్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. "ఎక్కేటప్పుడు ఏ గేర్ల ఎక్కుతవో, దిగేటప్పుడు గదే గేర్ల దిగాలె. బండిని ఇంజినే పట్టుకోవాలె, బ్రేకు కాదు." మలుపుకు ముందే కారును బయటి అంచుకు తీసుకుని, ఎదురుగా వచ్చేది మొత్తం కనపడ్డాకే లోపలికి తిప్పుతున్నాడు. నా ట్రాక్ డే వీడియోల్లో దీనికి పెద్ద పేరుంది. ఆయనకు 40 మంది నిద్రపోతున్న ప్రయాణికులు లేవకుండా చూడటం, అంతే. టర్బో ఒక్కసారి కూడా ఊపిరి పీల్చలేదు. కారు అంత సుతారంగా నడవగలదని నాకు అప్పటిదాకా తెలియదు.

వంతెన మీద ఆపాడు. కుడివైపు డ్యామ్. కింద కృష్ణ సన్నగా ఉంది. అప్పుడు చెప్పా, జనవరి సంగతి మొత్తం. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు అప్పటిదాకా. పదకొండు లక్షలు, మూడు దారులు, చైల్డ్ సీటు.

ఆయన కాసేపు నీళ్లకేసి చూశాడు. "31 ఏండ్లు తోలిన. సాయంత్రం బండి డిపోల పెట్టి ఇంటికొచ్చిన. గని ఇంట్ల మీ అమ్మతోని ఏనాడూ 'ఆర్టీసీ బస్సు' అనలే. 'నా బండి' అనే అన్న."

నేను ఏదో అనబోతుంటే మళ్లీ ఆయనే, "అయితే నేను దానికి నెలకు ముప్పై వేలు కట్టలే. ఎదురు వాళ్లే నాకిచ్చిన్రు. గది ఫరకు" అన్నాడు. నవ్వాడో లేదో మీసం వల్ల తెలియలేదు.

దర్శనం అయింది. మధ్యాహ్నం వెనక్కి తిరిగి, సాయంత్రానికి అచ్చంపేట చేరాం. స్క్రీన్ మీద 16.8 చూపిస్తోంది. గర్వంగా చూపించా. "ఆ టీవీని నమ్ముతున్నవా?" అన్నాడు. పొద్దున బయల్దేరే ముందు ట్యాంకు నింపించింది అందుకే అని అప్పుడర్థమైంది. అదే బంకులో, అదే పంపు దగ్గర, మళ్లీ ఆటో కట్ అయ్యేదాకా నింపించి, బిల్లు వెనకాల కిలోమీటర్లను లీటర్లతో భాగించాడు. 15.4.

గ్లవ్ బాక్స్‌లోంచి చిన్న నోట్‌బుక్ తీశాడు. అది నేను కొన్నది కాదు, ఎప్పుడు పెట్టాడో తెలియదు. గీతలు గీసి గడులు చేసి ఉంది. తేదీ, కిలోమీటర్లు, లీటర్లు, కేఎంపీఎల్. మొదటి వరుస నింపాడు. డ్రైవర్ అన్నచోట తన పేరు, దాని పక్కనే పాత స్టాఫ్ నంబర్. నా పేరు కూడా రాశాడు, పక్క గడిలో. కండక్టర్ అన్నచోట.